దుపట్టా అంచుకు క్రోషే అల్లిక: కుట్ల లెక్క, కూలి లెక్క



మన కుట్టు తరగతికి వచ్చేవారిలో చాలామందికి క్రోషే సూది పట్టడం ముందే వచ్చి ఉంటుంది. నానీ దగ్గరో, ఖాలా దగ్గరో చూసి నేర్చుకుంటారు. జాలీ టోపీ అల్లుతారు, టీవీ మీద వేసే గుడ్డ అల్లుతారు. కానీ కుట్టిన బట్టకు అంచు అల్లమంటే తడబడతారు. ఎందుకంటే టోపీ అంతా దారమే, అది చేతి ప్రకారం వస్తుంది. అంచు అలా కాదు. దానికి ఒక పక్క బట్ట ఉంటుంది. బట్ట ఒక తీరుగా ముడుచుకుంటుంది, దారం ఇంకో తీరుగా ముడుచుకుంటుంది. ఆ రెంటినీ కలపాలంటే ముందుగా లెక్క కావాలి.

ఈ పాఠం రాయడానికి ఇంకో కారణం ఉంది. పోయిన రంజాన్‌కు ముందు మన తరగతిలో ఒక చెల్లెలు తెల్ల దుపట్టాకు నాలుగు వైపులా గవ్వల అంచు అల్లి, 300 రూపాయలకు ఇచ్చి వచ్చింది. అల్లిక చూడముచ్చటగా ఉంది. ఎన్ని గంటలు పట్టిందమ్మా అని అడిగితే, లెక్క పెట్టలేదు, ఇంటిపని మధ్యలో చేశానంది. కూర్చుని లెక్క వేస్తే అంచుకే 14 గంటలు తేలింది. దారానికి 90 రూపాయలు పోగా మిగిలింది 210. అంటే గంటకు 15 రూపాయలు. వెయ్యికి పైగా కుట్లు తప్పు లేకుండా లెక్కపెట్టిన పిల్ల, తన గంటలు లెక్కపెట్టుకోలేదు. అందుకే ఈ పాఠంలో అంచు అల్లడం, దాని ధర కట్టడం రెండూ కలిపే చెబుతున్నాను.

కావలసినవి

దారం: నూలు క్రోషే దారం. దారం ఉండ మీద ఉన్న నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 10 నంబరు లావు, 20 మధ్యస్తం, 40 సన్నం. కొత్తవారు నూలు దుపట్టాకు 20 నంబరుతో మొదలుపెడితే మంచిది.

సూది: కొక్కెం ఉన్న స్టీలు క్రోషే సూది. 20 నంబరు దారానికి సుమారు 1.25 మిల్లీమీటర్ల సూది సరిపోతుంది, 40 నంబరుకు 1 మిల్లీమీటరుది. కుట్లు మరీ బిగిస్తే సూది ఒక సైజు పెంచండి, వదులైతే తగ్గించండి.

ఇవి గాక పెద్ద కన్ను ఉన్న మొద్దు సూది ఒకటి, టేపు, గుండుసూదులు, గుర్తు పెట్టడానికి రంగు దారం ముక్కలు, ఒక నోటుపుస్తకం. నోటుపుస్తకం ఎందుకో చివర తెలుస్తుంది.

బట్టను సిద్ధం చేయడం

మొదట బట్టను ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేయాలి. కొత్త నూలుబట్ట మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. నేను మొదట్లో ఈ పని చేయకుండా ఒక పండుగ దుపట్టాకు అంచు అల్లి ఇచ్చాను. ఒక్క ఉతుకుకే బట్ట కుంచించుకుపోయి, అంచు అలలు అలలుగా లేచింది. తీసుకున్నామె ఏమీ అనలేదు గానీ మళ్ళీ పని ఇవ్వలేదు.

రంగు దారమైతే దాని పరీక్ష కూడా చేయాలి. తడి తెల్లగుడ్డతో దారాన్ని గట్టిగా రుద్దండి. గుడ్డకు రంగు అంటితే ఆ దారం తెల్లబట్టకు పనికిరాదు.

తర్వాత అంచును రెండు మడతలు వేసి, పావు అంగుళం లోపు వెడల్పుతో మిషన్ మీద కుట్టండి. ఇక్కడే ఒక సులువు ఉంది. మిషన్ కుట్టు పొడవును 2.5 మిల్లీమీటర్లకు పెడితే అంగుళానికి 10 కుట్లు పడతాయి. పాత మిషన్ల మీద అంకెలు కనబడకపోతే వేరే గుడ్డ మీద కుట్టి, టేపు పెట్టి చూసుకోండి. ఈ మిషన్ కుట్లే మనకు కొలబద్ద. ఒక్కో మిషన్ కుట్టుకు ఎదురుగా ఒక్కో క్రోషే కుట్టు వేస్తే, వెయ్యి కుట్లున్నా ఎడం సమానంగా వస్తుంది. కళ్ళతో అంచనా వేయాల్సిన పని లేదు.

బట్ట పలచగా ఉంటే సూది నేరుగా దిగుతుంది. కాస్త మందంగా ఉంటే ముందుగా మామూలు లావు సూదితో రంధ్రం చేసి, అందులో క్రోషే సూది దించండి. బలవంతంగా పొడిస్తే బట్ట పోగు తెగి, కొన్నాళ్ళకు అక్కడ చిరుగు మొదలవుతుంది. జానమాజ్ లాంటి మరీ మందపు బట్టకు మాత్రం మొదట చేతిసూదితో అంచు చుట్టూ కాజా కుట్టు వేసి, ఆ కాజా లూపుల్లోంచి అల్లాలి.

నాలుగు కుట్లు చాలు

అంచులకు వాడేవి నాలుగే కుట్లు.

చైను: సూది మీద ఉన్న లూపులోంచి దారాన్ని లాగితే ఒక చైను.

స్లిప్: సూదిని కుట్టులో దించి దారం తీసుకుని, సూది మీదున్న లూపులోంచి కూడా ఒక్కసారే లాగేయడం. రెండు కొసలు కలపడానికి వాడతాం.

సింగిల్: సూదిని దించి దారం లాగితే సూది మీద రెండు లూపులు ఉంటాయి. మళ్ళీ దారం చుట్టి ఆ రెంటిలోంచి ఒక్కసారే లాగాలి.

డబుల్: దారం ముందే సూదికి చుట్టుకుని దించాలి. లాగాక మూడు లూపులు ఉంటాయి. దారం చుట్టి రెంటిలోంచి, మళ్ళీ చుట్టి మిగిలిన రెంటిలోంచి లాగాలి.

ఒక్క హెచ్చరిక. ఇంగ్లీషు పుస్తకాలు చూసి నేర్చుకునే పిల్లలు అది బ్రిటన్ పుస్తకమా, అమెరికా పుస్తకమా అన్నది ముందు చూసుకోవాలి. అమెరికా వారు సింగిల్ అనే కుట్టునే బ్రిటన్ వారు డబుల్ అంటారు. ఇక్కడ నేను చెప్పినవి అమెరికా పేర్లు.

మొదటి వరుస

బట్ట మంచివైపు మీకు కనబడేలా పట్టుకుని, కుడి నుంచి ఎడమకు వెళ్ళండి. మడత కుట్టుకు సరిగ్గా కిందుగా సూది దించాలి. అప్పుడే మడత మొత్తం అల్లిక లోపలికి వస్తుంది. దారం లాగాక ఆ లూపును బట్ట అంచుదాకా పైకి సాగదీసి, అప్పుడు సింగిల్ ముగించండి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. లూపును పొట్టిగా వదిలేస్తే అది మడతను కిందికి లాగి, అంచు గొట్టంలా చుట్టుకుపోతుంది.

ఆరు అంగుళాలు అల్లాక బట్టను నేల మీద పరిచి చూడండి. అంచు అలలుగా లేస్తే కుట్లు ఎక్కువయ్యాయని అర్థం. బట్ట ముడుచుకుంటే కుట్లు తక్కువయ్యాయి, లేదా చెయ్యి బిగుసుకుంది. ఆరు అంగుళాల దగ్గర విప్పితే పోయేది కొన్ని నిమిషాలు. చివరిదాకా అల్లి విప్పితే పోయేది ఒక పూట.

గవ్వల అంచు

మొదటి వరుస మీద రెండో వరుసగా ఇది వస్తుంది. ఒక చైను వేసి, మొదటి కుట్టులో ఒక సింగిల్ వేయండి. ఆ తర్వాత రెండు కుట్లు వదిలి, మూడో దానిలో 5 డబుల్‌లు ఒకే చోట వేయాలి. ఇదే గవ్వ. మళ్ళీ రెండు వదిలి, తర్వాతి దానిలో ఒక సింగిల్. ఇలాగే చివరిదాకా.

ఒక గవ్వకు 6 కుట్లు పడతాయి. మొదలుపెట్టిన సింగిల్ ఒకటి అదనం. కాబట్టి ఒకే పక్క అల్లేటప్పుడు మొదటి వరుసలోని మొత్తం కుట్లు 6తో భాగిస్తే ఒకటి మిగలాలి. ఉదాహరణకు దుపట్టా కొస 36 అంగుళాలు. అంగుళానికి 10 చొప్పున 360. దానికి ఒకటి కలిపి 361 కుట్లు వేస్తే సరిగ్గా 60 గవ్వలు వస్తాయి. మీకు 358 వచ్చాయనుకోండి, విప్పనక్కరలేదు. వచ్చే వరుసకు ముందే చూసుకుని, అంచు నడుమ మూడు వేర్వేరు చోట్ల ఒకే రంధ్రంలో రెండేసి కుట్లు వేస్తే తేడా ఎవరికీ కనబడదు. ఆ సర్దుబాటు మూలల దగ్గర మాత్రం చేయవద్దు.

నాలుగు వైపులా అల్లితే మూల సంగతి ఉంది. మూల రంధ్రంలో 3 సింగిల్‌లు వేసి, నడిమి దానికి రంగు దారంతో గుర్తు పెట్టండి. ఒక మూల గుర్తు నుంచి ఇంకో మూల గుర్తు వరకు మధ్యలో ఉండే కుట్లు 6 లెక్కకు ఒకటి తక్కువ ఉండాలి. అంటే 36 అంగుళాల వైపు 359, 90 అంగుళాల వైపు 899. రెండో వరుసను మూల గుర్తు తర్వాత మూడో కుట్టులో సింగిల్‌తో మొదలుపెట్టండి. గుర్తు ఉన్న కుట్టులో 5కు బదులు 7 డబుల్‌లు వేయాలి. అప్పుడు మూల లోపలికి ముడుచుకోకుండా విప్పారి ఉంటుంది. చుట్టూ వచ్చాక మొదటి సింగిల్‌లో స్లిప్ వేసి కలపండి.

బుడిపెల అంచు

ఇది ఇంకా తేలిక. మూడు కుట్లలో మూడు సింగిల్‌లు వేసి, ఆ మీదట 3 చైన్లు వేసి, చివరి సింగిల్ తలలోనే స్లిప్ వేస్తే చిన్న బుడిపె లేస్తుంది. ఇంగ్లీషులో దీని పేరు కూడా పీకోనే. కానీ చీరకు మిషన్ మీద చేయించే పీకో వేరు, ఇది వేరు.

ఏ వస్తువుకు ఏ అంచు

దుపట్టాకు గవ్వలు అందం. ఖుర్ఆన్ షరీఫ్‌ను చుట్టే జుజ్‌దాన్‌కు 40 నంబరు దారంతో చిన్న బుడిపెలు బాగుంటాయి. దస్తర్‌ఖాన్ తరచూ ఉతుకుతారు కాబట్టి దానికి రెండు వరుసల సాదా సింగిల్ అంచే మన్నుతుంది. జానమాజ్‌కు కూడా సాదాదే మేలు. పొడుగు లూపులు ఉంటే కాలివేళ్ళకు తగులుకుంటాయి. పసిపిల్లల బట్టలకు పెద్ద రంధ్రాలున్న అంచు వద్దు, వాళ్ళ వేళ్ళు ఇరుక్కుంటాయి.

తలగుడ్డకు అంచు అల్లే అలవాటు మన ఒక్కరిదే కాదు. తుర్కియే స్త్రీలు తలగుడ్డల అంచులకు అల్లే లేసును ఓయా అంటారు. మామూలు సూదితో అల్లేది ఒక రకం, క్రోషే సూదితో అల్లేది ఇంకో రకం. పూలు, కాయల ఆకారాలు అందులో వస్తాయి. మిరపకాయల ఓయా కట్టుకున్న కోడలు భర్త మీద కోపంగా ఉందని ఇంట్లోవారు అర్థం చేసుకునేవారని అక్కడ చెప్పుకుంటారు. మిరపకు పేరుబడ్డ మన పల్నాడులో ఆ ఎర్రమిరప అంచు ఇంకా ఎవరూ అల్లకపోతే, మన తరగతి పిల్లలే మొదలుపెట్టవచ్చు.

ముగింపు పని

దారం తెంచేటప్పుడు నాలుగు అంగుళాల కొస వదలండి. దాన్ని మొద్దు సూదికి ఎక్కించి, ఐదారు కుట్ల కింద ఒక దిక్కుకు, మళ్ళీ వెనక్కి దూర్చి దాచండి. ఉత్త ముడి వేసి తెంచేస్తే ఉతుకులో ఊడిపోతుంది. తర్వాత అంచును తడిపి పలచని గంజిలో ముంచి, చదునైన చోట పరిచి, ఒక్కో గవ్వను వేలితో సాగదీసి గుండుసూది గుచ్చి ఆరనివ్వండి. ఇస్త్రీ బట్ట వెనకవైపు నుంచి, కింద తువ్వాలు పరిచి చేయాలి. మంచివైపు చేస్తే గవ్వలు అణిగిపోతాయి.

ఇక కూలి లెక్క

ఆరు అంగుళాల నమూనా అల్లమన్నాను కదా. అది అల్లేటప్పుడు గడియారం చూసి రాసుకోండి. రెండు వరుసలకూ కలిపి 20 నిమిషాలు పట్టిందనుకుందాం. దుపట్టా ఒక కొస 36 అంగుళాలు, అంటే ఆరు నమూనాలంత. 120 నిమిషాలు, రెండు గంటలు. రెండు కొసలకు నాలుగు గంటలు. అదే నాలుగు వైపులా అయితే? రెండున్నర గజాల దుపట్టా పొడవు 90 అంగుళాలు. చుట్టుకొలత 252 అంగుళాలు, 42 నమూనాలంత. 840 నిమిషాలు, అంటే 14 గంటలు. అడిగేవారి నోటికి రెండు కొసలకూ నాలుగు వైపులకూ పెద్ద తేడా ఉండదు. మీ చేతికి మాత్రం పది గంటల తేడా.

గంటకు ఎంత వేసుకోవాలి? దానికి మన దగ్గరే కొలబద్ద ఉంది. మీ ఊళ్ళో మిరప కోతకు వెళితే రోజుకు ఎంత ఇస్తున్నారో, దాన్ని 8తో భాగించండి. 400 ఇస్తున్నారనుకుంటే గంటకు 50. ఇంటి నీడన కూర్చుని చేసే పని కదా, ఎండలో పని కాదు కదా అంటారు. నిజమే, కానీ ఇది కళ్ళు పెట్టే పని, నేర్చుకోవడానికి నెలలు పట్టిన పని. కోత కూలి కన్నా తక్కువ వేసుకోవడానికి కారణం లేదు.

రెండు కొసల దుపట్టాకు అల్లిక 4 గంటలు, మడత, గంజి, ఇస్త్రీకి 1 గంట. మొత్తం 5 గంటలకు 250. దారం 26. వెరసి 276 రూపాయలు. నాలుగు వైపులకైతే అల్లిక 14, మిగతా పని 2, కలిపి 16 గంటలకు 800. దారం 90. వెరసి 890. మన చెల్లెలు తీసుకున్నది 300. రెండు కొసల ధరకు నాలుగు వైపులా అల్లి ఇచ్చిందన్నమాట.

అంత ఇవ్వలేమంటే ఏం చేయాలి? గంట ధర తగ్గించవద్దు, పని తగ్గించండి. 300 రూపాయలే ఉన్నాయంటే, ఆ డబ్బుకు రెండు కొసలకు గవ్వలు వేస్తాను అక్కా, పొడుగు వైపులు మిషన్ మడతతో వదిలేస్తాను అని చెప్పండి. తీసుకునేవారికి అందమైన వస్తువే దక్కుతుంది, మీ కష్టమూ పోదు. బజారులో గజాల లెక్కన దొరికే మిషన్ లేసుతో ధరలో మనం పోటీ పడలేం. కానీ ఆ లేసు మూల దగ్గర మడిచి కుట్టాల్సిందే. మనది మూల తిరిగి వస్తుంది. ఆ తేడా చూపించి అడగండి.

నర్సాపురం చెప్పే పాఠం

లేసు అల్లికకు మన రాష్ట్రంలో పెద్ద పేరు పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురానిది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి ప్రాంతానికి వచ్చిన ఈ పని, చుట్టుపక్కల పల్లెల్లో వేలాది ఇళ్ళకు పాకింది. ఆ లేసు విదేశాలకు ఎగుమతి అయింది. 2024లో నర్సాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

అయితే జర్మనీ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ స్త్రీల మధ్య పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. అందులో తేలిందేమిటంటే, రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లే స్త్రీలను కూడా లోకం కార్మికులుగా లెక్కించలేదు. ఇల్లాళ్ళు తీరిక వేళ చేసే పని అనేసింది. సరుకు ఏజెంట్లు, వ్యాపారుల చేతుల మీదుగా విదేశాలకు పోయింది, లాభం వాళ్ళకు మిగిలింది, అల్లినామెకు దక్కింది అతి స్వల్పం. తీరిక వేళ పని అన్న ఆ ఒక్క మాటతోనే కూలి తగ్గిపోయింది. మన చెల్లెలు ఇంటిపని మధ్యలో చేశాననడం కూడా అలాంటి మాటే.

1840లలో ఐర్లాండ్‌లో ఆలుగడ్డ పంట తెగులుతో పోయి ఘోర కరువు వచ్చినప్పుడు, అక్కడి మఠాలు, దాతృత్వ సంఘాలు పేద స్త్రీలకు క్రోషే లేసు నేర్పాయి. అమ్మిన లేసు డబ్బుతో ఎన్నో కుటుంబాలు గింజలు కొనుక్కున్నాయి. సూది కొక్కెం ఆపదలో అన్నం పెట్టగలదు. కానీ చేతికి సూది ఇచ్చినవారు లెక్క కూడా నేర్పితేనే ఆ అన్నం నిలుస్తుంది. జకాత్, సదఖా సొమ్ముతో కుట్టుమిషన్లు ఇప్పించే పెద్దలకు నా విన్నపం ఇదే. మిషన్‌తోపాటు ఒక నోటుపుస్తకం కూడా ఇప్పించండి. చేసిన పని, పట్టిన గంటలు, దారం ఖర్చు, వచ్చిన డబ్బు అనే నాలుగు గడులు గీసి ఇస్తే చాలు.

పవిత్ర ఖుర్ఆన్‌లో 83వ సూరా అల్ ముతఫ్ఫిఫీన్ కొలతల్లో తగ్గించి ఇచ్చేవారిని గట్టిగా హెచ్చరిస్తుంది. అంగడిలో తక్కెడకే కాదు, ఆ మాట మన పనికీ వర్తిస్తుంది. 60 గవ్వలకు డబ్బు తీసుకుని 55 వేయకూడదు, నానబెట్టని బట్టకు అంచు వేసి ఇవ్వకూడదు. అలాగే పని చేయించుకునేవారు 14 గంటల కష్టానికి ఐదు గంటల కూలి ఇవ్వకూడదు. పనివాని కూలి ఆలస్యం చేయవద్దన్నది ప్రవక్త (స) బోధ. ఇంట్లో కూర్చుని అల్లే అక్క కూడా పనిమనిషే.

ఆ చెల్లెలు ఇప్పుడు నోటుపుస్తకం రాస్తోంది. మొన్న ఒకామె వచ్చి నాలుగు వైపులా గవ్వలు కావాలంటే, పుస్తకం తీసి 16 గంటల లెక్క చూపించింది. ఆమె చూసి, రెండు కొసలకే వేయమంది. ధర మీద బేరమాడలేదు.

అల్లాహ్ మన చేతులకు నైపుణ్యాన్ని, మన సంపాదనలో బరకత్‌ను ప్రసాదించుగాక. ఆమీన్.